నాలుగో బ్లాకు ఎందుకు పండలేదు

సోయా సారుకి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. ఎవరైనా తనని చూసి నవ్వబోతున్నారని అనుమానం రాగానే, వాళ్లకి ఆ శ్రమ లేకుండా తనే తన మీద ఓ జోకు వేసేసుకుంటాడు. పొట్ట పెరిగితే "ఎరువు ఎక్కువైంది" అంటాడు. జుట్టు రాలితే "కోతకొచ్చిన పైరు ఆకు రాల్చదా మరి" అంటాడు. పంటల పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా సోయా చిక్కుడు మీదే పనిచేస్తున్నాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. "ఇరవై రెండేళ్ల పరిశోధనలో నేను తేల్చిందేమిటంటే, వాన పడితే సోయా పెరుగుతుంది, పడకపోతే పెరగదు" అని కొత్తగా చేరినవాళ్లకి తనని తాను పరిచయం చేసుకుంటాడు. వాళ్లు పడీ పడీ నవ్వుతారు. అంత చదువుకున్నా ఆయనకి బొత్తిగా గర్వం లేదని ఇళ్లకెళ్లి చెప్పుకుంటారు. ఆ మాట తిరిగి తిరిగి తన చెవిన పడితే సోయా సారుకి రెండు రోజుల పాటు అన్నం మీదికి ధ్యాస పోదు. గర్వం లేదన్న గర్వం కూడా ఒకటుంటుందని, దానికి నీళ్లూ ఎరువూ అక్కర్లేదని అతనికి అప్పటికింకా తెలియదు.

ఆ ఏడు అతను వేసిన ప్రయోగం మాత్రం నిజంగా మంచిదే. మొత్తం నలభై ఎనిమిది మడులు. కొన్నిట్లో ముందుగా విత్తాడు, కొన్నిట్లో ఆలస్యంగా. కొన్నిట్లో మొక్కలు దగ్గర దగ్గర, కొన్నిట్లో ఎడంగా. కొన్నిటికి నీళ్లు పుష్కలంగా, కొన్నిటికి మధ్యరకంగా, కొన్నిటికి బొటాబొటీగా. అన్నీ కలిపితే పన్నెండు రకాల మడులు. ఆ పన్నెండింటినీ పొలంలో నాలుగు చోట్ల మళ్లీ మళ్లీ వేశాడు కాబట్టి నాలుగు బ్లాకులు. ఒక బ్లాకు నేలలో ఏదైనా తిరకాసు ఉంటే మిగతా మూడూ నిజం చెబుతాయని ఏర్పాటు. ఎండా వానా నేలా మనిషి చేతిలో లేనివి. విత్తే రోజూ ఎడమూ నీళ్లూ మనిషి చేతిలో ఉన్నవి. పంట దిగుబడిలో ఎవరి వాటా ఎంతో విడదీసి చూపించాలని అతని పంతం.

ఈ నలభై ఎనిమిది మడులకీ నీళ్లు పెట్టే పని నీళ్లక్కది. పంతొమ్మిదేళ్లుగా ఆ కేంద్రంలో ఏ పొలానికి నీళ్లు పారినా వాల్వు తిప్పింది ఆమె చెయ్యే. చదువు లేదు గానీ లెక్క తప్పేది కాదు. ప్రతి మడి మూలనా పాతిన కొయ్యకి ఒక నారతాడు కట్టి, నీళ్లు పెట్టినప్పుడల్లా దానికో ముడి వేసేది. తడికి ముడి, ముడికి తడి. సారు ఇచ్చిన పట్టికలో పెన్సిలు గీతలు పెట్టమంటే ఒప్పుకోలేదు. "మడి తాగిన నీళ్ల లెక్క మడి దగ్గరే ఉండాలి సారూ, మీ బల్ల సొరుగులో ఎందుకు" అంది. సోయా సారు ఆ మాట కూడా పదిమందికి చెప్పి నవ్వించాడు.

ఇక్కడ ఒక పాము సంగతి చెప్పాలి. క్వార్టర్ల నుంచి ఆఫీసుకి వెళ్లే దారి నాలుగో బ్లాకు గట్టు వెంబడే పోతుంది. విత్తనాలు వేయడానికి కొన్నాళ్ల ముందు, ఒకరోజు మునిమాపు వేళ ఇంటికి పోతూ సోయా సారు దారికి అడ్డంగా పడుకున్న నల్లటి పామును చూశాడు. చూసి, తన వయసూ బరువూ మరిచి ఎగిరి దూకి, గట్టు అవతల బురదలో బోర్లా పడ్డాడు. అది నీళ్లక్క చుట్టిపెడుతున్న రబ్బరు గొట్టం. అవతలి కొస పట్టుకుని ఆమె అక్కడే నిలబడి ఉంది.

"లేవండి సారూ, అది కరవదు" అంది.

మర్నాడు ఆఫీసులో ఆ కథ సోయా సారే అభినయించి మరీ చెప్పాడు. అందరూ కడుపుబ్బ నవ్వారు. కథ అయితే చెప్పాడు గానీ భయం మాత్రం వదల్లేదు. 'సిబ్బంది భద్రత దృష్ట్యా' ఆ దారిలో ఒక దీపం అత్యవసరమని మూడుసార్లు అర్జీ పెట్టాడు. ఆ సిబ్బంది అతనొక్కడే. మూడో అర్జీ దెబ్బకి పైవాళ్లు విసిగిపోయి, నాలుగో బ్లాకు గట్టు మీద పొడుగాటి స్తంభం పాతించి, కళ్లు జిగేల్మనిపించే దీపం పెట్టించారు. పొద్దు గూకగానే దానంతటదే వెలిగి తెల్లారాక ఆరిపోయేది. సోయా సారు గుండె మీద చెయ్యి వేసుకుని నడిచి ఇంటికెళ్లేవాడు.

పైరు కోతకొచ్చేసరికి మూడు బ్లాకులు పసుపు తిరిగి, ఆకు రాల్చేసి, గాలికి కాయలు గలగలమంటూ నిలబడ్డాయి. నాలుగోది మాత్రం నడుమెత్తు పెరిగి పచ్చగా కళకళలాడుతోంది. దారిన పోయేవాళ్లు ఆగి "ఆ ముక్క భలే ఉంది సారూ" అన్నారు. లోపలికి దిగి కొమ్మ వంచి చూస్తే కాయలు పల్చగా, అక్కడొకటి ఇక్కడొకటి. వాటిల్లోనూ సగం తాలు. కోసి, నూర్చి, తూచి చూస్తే మిగతా బ్లాకుల్లో వచ్చినదానికి సగం కూడా రాలేదు.

సోయా సారు రెండు రోజులు ఆలోచించాడు. ఆకు దట్టంగా పెరిగి కాపు తగ్గిందంటే నీళ్లు ఎక్కువై ఉండాలి. పుస్తకాల్లోనూ అలాగే ఉంది. బొటాబొటీగా నీళ్లు పెట్టమన్న మడులు కూడా ఆ బ్లాకులో పచ్చగానే ఉన్నాయి. బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడ ఆగి, నీళ్లు కారణమైతే నీళ్లు తక్కువ తాగిన మడులు ఎందుకిలా ఉన్నాయని అడిగేవాడు. సోయా సారు మాత్రం "చూశావా, వాటిక్కూడా పెట్టేసింది" అనుకున్నాడు. రుజువు తనకి ఎదురు తిరిగితే దాన్ని మెడపట్టి తన వైపుకి తిప్పుకోవడం బాగా చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది, అతను చాలా బాగా చదువుకున్నాడు. నాలుగో బ్లాకు దారి పక్కన ఉంది. దారిన పోయేవాళ్లతో కబుర్లలో పడి నీళ్లక్క వాల్వు కట్టేయడం మరిచిపోయి ఉంటుందని తీర్మానించేశాడు.

నీళ్లక్క అతన్ని పొలంలోకి తీసుకెళ్లి తాళ్లు చూపించింది. ఒకే రకం మడికి నాలుగు బ్లాకుల్లోనూ ఒకే లెక్క ముడులు. వేళ్లతో ఒక్కొక్కటీ తడుముతూ, "ఇక్కడ పదకొండు, అక్కడా పదకొండే. చూడండి" అంది.

"ముడి వేయడం వేరు, వాల్వు వేళకి కట్టేయడం వేరు కదా అక్కా" అన్నాడు.

"అంటే నేను కబుర్లు చెబుతూ నీళ్లు వదిలేశానని రాస్తారా?"

"అలా ఎందుకు రాస్తాను. నీటి యాజమాన్యంలో లోపం అని రాస్తాను."

"రెండూ ఒకటే కదా సారూ."

సోయా సారు వెళ్లి అలాగే రాశాడు. మరుసటి ఏటి నుంచి ప్రయోగపు మడులకి టైమరు వాల్వులు పెట్టారు. నీళ్లక్కని పొలం పనిలోంచి తీసేసి గింజలు చెరిగే షెడ్డుకి పంపించారు. ఆ షెడ్డుకి కిటికీలు రెండే, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా దుమ్ము. దుమ్ముకి ఆమె కొంగు ముక్కుకి కట్టుకుంది గానీ మాటకి ఏం కట్టుకోగలదు. నీళ్లు వదిలేసి పంట చెడగొట్టిందట కదా అని చివరికి కూతురి అత్తగారు కూడా అడిగింది.

మరుసటి ఏడు అదే పొలం, అదే విత్తనం, అవే నాలుగు బ్లాకులు. నీళ్లు మాత్రం గడియారం పెట్టింది. మూడు బ్లాకులు వేళకి పసుపు తిరిగాయి. నాలుగోది మళ్లీ నడుమెత్తు పెరిగి, కళకళలాడుతూ, కాయల్లేకుండా నిలబడింది.

సోయా సారుకి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఈసారి నెపం వేయడానికి మనిషి లేదు. టైమరు పాడైందేమో అని మెకానిక్కుని పిలిపించాడు. గడియారం నిక్షేపంలా ఉందని చెప్పి అతను వెళ్లిపోయాడు. భూమిలో పైపు కారుతోందేమో అని తవ్వించాడు. పైపు పొడిగా ఉంది. మట్టి పరీక్ష చేయించాడు. నాలుగు బ్లాకుల మట్టీ అక్కచెల్లెళ్లలా ఉంది. ఆఖరికి అతనికి ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. క్వార్టర్ల స్నానాల గదుల నీళ్లు భూమిలోపల ఊరి నాలుగో బ్లాకు కిందకి చేరుతున్నాయేమో! ముందుగా తన ఇంటి వెనకాలే తవ్వకం మొదలుపెట్టించాడు. రెండు రోజులు ఇంట్లో స్నానాల్లేవు. భార్య బళ్లో లెక్కల టీచరు. పొద్దున్నే చెంబుతో మొహం కడుక్కుని బడికి పోతూ, గుంతలో మోకాలి లోతున నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

"ఏమండీ, సోయా చిక్కుడుకి సబ్బు నీళ్లు పడవని తేల్చడానికి ఇంత లోతు తవ్వాలా?"

"శాస్త్రం అంటే ఇలాగే ఉంటుంది" అన్నాడు సోయా సారు గుంతలోంచి.

"నాకు తెలిసిన శాస్త్రంలో లెక్క తప్పితే, వేసినవాడు ముందు తన లెక్కే మళ్లీ చూసుకుంటాడు" అని ఆవిడ వెళ్లిపోయింది.

గుంతలో ఏమీ దొరకలేదు. రిపోర్టులో పెట్టడానికి పొలం మొత్తం కనబడేలా ఒక ఫొటో కావాలని సోయా సారు ఆ మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కాడు. పైకి చేరాక రెండు చేతులతో కటకటాలు పట్టుకుని, ఊపిరి కుదుటపడ్డాక కిందికి చూశాడు.

పసుపు పొలం అంచున పచ్చటి అరచందమామ ఉంది. గట్ల ప్రకారం లేదు, వాల్వుల ప్రకారం లేదు. నీళ్లయితే మడి గట్టు దగ్గర ఆగాలి. ఈ పచ్చదనం గట్లన్నిటినీ లెక్కచేయకుండా దాటుకుంటూ గుండ్రంగా పోయింది. నీళ్లు ఎక్కువ తాగిన మడీ పచ్చగానే ఉంది, దప్పికతో ఉన్న మడీ పచ్చగానే ఉంది. అరచందమామకి సరిగ్గా నడుమ, గట్టు మీద, స్తంభం. స్తంభం మీద, సిబ్బంది భద్రత దృష్ట్యా, దీపం.

సోయా సారు ఆ ట్యాంకు మీదే చతికిలబడ్డాడు.

ఏటేటా శిక్షణకొచ్చే రైతులకి అతను ఒక పాఠం చెబుతాడు. సోయా మొక్క రాత్రి ఎంతసేపుందో కొలుచుకుంటుంది. రాత్రులు పొడవైతేనే 'ఇక పూయాలి, కాయాలి, పండాలి' అనుకుంటుంది. చీకటి సరిపోకపోతే ఆకులే వేస్తూ కూర్చుంటుంది. ఈ పాఠం చెప్పడానికి అతని దగ్గర రంగుల పటం ఉంది, చిన్న కర్ర ఉంది. 'రాత్రి దానికి నిద్ర కాదండీ, గడియారం' అనే మాట దగ్గర ఆగి అందరి మొహాలూ చూడటం కూడా ఉంది. ఆ పాఠం చెప్పి, కర్ర చంకలో పెట్టుకుని, ఆ దీపం వెలుగులోనే రెండేళ్లుగా ఇంటికి నడిచి వెళుతున్నాడు. మొక్కకి తెల్లవార్లూ దీపం పెట్టి, అది పూయలేదని నీళ్లు పెట్టిన మనిషిని అన్నాడు.

అతనికి ముందు నవ్వొచ్చింది. తర్వాత నీళ్లక్క తాళ్లు చూపిస్తూ అన్న 'పదకొండు, అక్కడా పదకొండే' గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఇంటికెళ్లి భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ ఎత్తిపొడవలేదు.

"నీళ్లక్కకి చెప్పారా?" అని మాత్రం అడిగింది.

"వచ్చే వారం పెద్ద మీటింగు ఉంది. అందరూ ఉంటారు. వచ్చే ఏడు పొలం పనికి ఎవరెవరో ఆ జాబితా చదివేది కూడా అక్కడే. ఆ అందరి ముందే చెబుతాను. షెడ్డులో చెవిలో చెబితే ఏం లాభం, పేరు పోయింది నలుగురిలో కదా."

"అది బాగుంది" అంది ఆవిడ. అతనికీ బాగుందనిపించింది. తన ఒక్క మాటతో నీళ్లక్క తిరిగి పొలంలోకి వస్తుంది. ఆ మాట ఎలా అనాలో వారమంతా తయారుచేసుకున్నాడు.

మీటింగు రోజున హాలు నిండుగా ఉంది. ముందు వరుసలో డైరెక్టరు, ఆయన పక్కన బయటి కేంద్రాల నుంచి వచ్చిన పెద్దలు. గోడ పొడుగునా బల్లల మీద గింజల నమూనాలు పళ్లేల్లో పెట్టడానికి షెడ్డు వాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. సోయా సారు వంతు వచ్చింది. లేచి, గొంతు సవరించుకుని, తెర మీద తన మూడు అర్జీలనీ వరుసగా చూపించాడు.

"ఇవి నేను రాసినవాటిలో ఫలితం ఇచ్చిన ఏకైక రచనలు" అన్నాడు. హాలంతా నవ్వింది.

ఆ నవ్వు అతనికి తలకెక్కింది. గొట్టాన్ని పామనుకుని దూకడం చేసి చూపించాడు. బురదలోంచి లేవడం చేసి చూపించాడు. మెకానిక్కు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినడం చూపించాడు. పెద్దల్లో ఒకాయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కథలో నీళ్లక్క వంతు వచ్చింది. వారమంతా తయారుచేసుకున్న మాట నాలుక చివరే ఉంది. కానీ నవ్వు మాంచి ఊపు మీద ఉంది, దాన్ని ఆపడానికి మనసొప్పలేదు. లేని తాడు ఒకటి చేత్తో ఎత్తి పట్టుకుని, వేళ్లతో ముడులు తడుముతూ, కనుబొమలు ముడిచి, "ఇక్కడ పదకొండు సారూ, అక్కడా పదకొండే సారూ" అని ఆమె గొంతుతో అన్నాడు. "నేనేమో ఇంత చదువు చదివి ఆ ముడులని నమ్మలేదు!" అని నెత్తి మీద మొట్టికాయ వేసుకున్నాడు. అన్నిటికన్నా పెద్ద నవ్వు దానికే వచ్చింది. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ చప్పట్లలోనే అతని చూపు గోడ వైపు పోయింది. గింజల పళ్లెం రెండు చేతులతో పట్టుకుని నీళ్లక్క నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు, ముఖం మాడ్చుకోనూలేదు. పళ్లెం బల్ల మీద పెట్టి, ఒలికిన నాలుగు గింజలు ఏరి అందులో వేసి, బయటికి వెళ్లిపోయింది.

డైరెక్టరు లేచి, ఈ కేంద్రం చరిత్రలో ఇంత మంచి ప్రసంగం వినలేదన్నాడు. "తన పొరపాటు ఇంత నిజాయితీగా ఒప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారండీ" అని పక్కవాళ్లని అడిగాడు. ఆ దీపం కథని మిగతా కేంద్రాలకి కూడా వచ్చి చెప్పమని ఇద్దరు పెద్దలు సోయా సారుని పిలిచారు. వచ్చే ఏటి పొలం పని జాబితా చదివారు. అందులో నీళ్లక్క పేరు ఈ ఏడు ఉన్నచోటే, షెడ్డు కింద ఉంది. "ఇంకేమైనా చెప్పాలా మీరు?" అని డైరెక్టరు సోయా సారుని అడిగాడు. ఇంకో జోకు కోసం అడుగుతున్నాడేమో అనుకుని సోయా సారు స్నానాల గది తవ్వకం సంగతి చెప్పాడు.

ఆ సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. భార్య పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతోంది. ఎవరెవరు ఎక్కడెక్కడ ఎంతసేపు నవ్వారో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ ఎర్ర పెన్ను పక్కన పెట్టి అంతా విన్నది.

"నీళ్లక్క పేరు మార్చారా జాబితాలో?"

సోయా సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పాను... తాళ్ల సంగతి చెప్పాను. నేను నమ్మలేదని కూడా చెప్పాను."

"ఎలా చెప్పారు?"

తాడు పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తబోయి, సగంలో దించేశాడు. ఆవిడకి అర్థమైపోయింది. మళ్లీ పెన్ను తీసుకుని దిద్దుకుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లాడు. దుమ్ము పొగలా ఆడుతోంది. నీళ్లక్క జల్లెడ పడుతోంది. కొంగు మీంచి కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆమె ఎదురుగా నిలబడితే సోయా సారుకి పాత అలవాటే ముందుకొచ్చింది.

"అక్కా, చూశావుగా, ఈ కేంద్రంలో నాకన్నా పెద్ద గాడిద లేదు..." అని మొదలుపెట్టాడు.

"అది నిన్ననే విన్నాను సారూ" అంది నీళ్లక్క జల్లెడ ఆపకుండా. "మిమ్మల్ని మీరు గాడిద అనుకుంటే అందరూ మీరెంత మంచివాళ్లో అంటారు. మీకేం పోయింది. నన్ను అన్నది మాత్రం అలాగే ఉంది కదా."

"నీ తప్పు లేదని నిన్న అందరికీ తెలిసిపోయింది అక్కా."

"తెలిసిందేమో. నవ్వులో కలిసిపోయింది. పొద్దున్న గేటు దగ్గర వాచ్‌మను నన్ను చూసి 'ఇక్కడ పదకొండు, అక్కడా పదకొండే' అన్నాడు." ఆమె జల్లెడ కింద పెట్టింది. కొంగు దించి, దగ్గి, నోరు తుడుచుకుంది. "పంతొమ్మిదేళ్లలో ఒక్క తడి తప్పలేదు సారూ. నా బిడ్డకి జ్వరమొచ్చిన రోజున కూడా వచ్చి పెట్టి వెళ్లాను. మీకు నవ్వాలనిపిస్తే మీ మీద నవ్వుకోండి. నా పని నవ్వడానికి కాదు."

"రిపోర్టు మారుస్తాను. నీ తప్పు లేదని రాసి ఫైల్లో పెడతాను" అన్నాడు.

"ఫైల్లో పెడితే నేను చదవగలనా, వాచ్‌మను చదువుతాడా? రేపు పొద్దున హాజరు వేసేటప్పుడు అందరూ ఉంటారు. అక్కడ చెప్పండి. మామూలుగా చెప్పండి" అని ఆమె మళ్లీ జల్లెడ అందుకుంది.

అతను డైరెక్టరు దగ్గరికి వెళ్లాడు. "ఇప్పుడెందుకండీ అదంతా, హాయిగా నవ్వుకున్నాం, అయిపోయింది" అని ఆయన అన్నాడు. సోయా సారు కుర్చీలోంచి లేవలేదు. ఒక్క జోకు కూడా వేయకుండా పావుగంట కూర్చునేసరికి డైరెక్టరుకి కంగారు పుట్టి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. చివరికి జాబితా తెప్పించి, నీళ్లక్క పేరు షెడ్డు కింద కొట్టేసి పొలం కింద రాసి సంతకం పెట్టాడు. టైమరు ఉన్నా దాన్ని చూసుకునే మనిషి ఉండాలి కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఇక కాగితం రాయడం మిగిలింది. ఇంత కష్టమైన రచన సోయా సారు జన్మలో చేయలేదు. మొదటి కాగితం 'ఘనత వహించిన నా మూర్ఖత్వం' అని మొదలైంది. చింపేశాడు. రెండోదాంట్లో తనని తాను గుడ్డివాడన్నాడు. అది చదువుకుంటే భలే బాగుంది, అందుకే అదీ చింపేశాడు. మూడోదాంట్లో పాము దూరింది. నాలుగోదాంట్లో ఏ అలంకారమూ లేకుండా రాద్దామని కూర్చుంటే, ఒక్కో వాక్యం చివరా ఎవరో నవ్వడం కోసం పెన్ను ఆగుతోంది. తన మీద తను వేసుకున్న ప్రతి జోకూ ఒక తలుపులాంటిదని, దానివెంట తను బయటికి జారుకుంటాడని, లోపల మిగిలేది అవతలివాళ్లేనని అతనికి ఆ బల్ల దగ్గర అర్థమైంది. ఎన్నేళ్లుగా ఎంతమందిని అలా లోపల వదిలేశాడో లెక్కపెట్టబోయి భయమేసి మానేశాడు. ఆఖరికి ఐదు వాక్యాలు మిగిలాయి. భార్యకి చూపించాడు. ఆవిడ చదివి ఒక అక్షరం దిద్ది ఇచ్చేసింది.

పొద్దున హాజరు వేసే చోట నలభై మంది దాకా చేరారు. కొడవళ్లు చంకన పెట్టుకున్నవాళ్లు, సంచులు భుజాన వేసుకున్నవాళ్లు, గేటు వదిలి వచ్చిన వాచ్‌మను, వెనకాల చెట్టుకింద షెడ్డు వాళ్లు. నీళ్లక్క ముందు వరుసలో నిలబడింది. సోయా సారు మెట్టు ఎక్కి కాగితం విప్పగానే, ఏదో తమాషా మొదలవుతుందని ముందే ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. అతని పెదవులు కూడా వాటంతట అవే విచ్చుకోబోయాయి. పళ్లు బిగపట్టి కాగితంలోకి చూశాడు.

"పోయినేడు నాలుగో బ్లాకులో పంట రాకపోవడానికి నీళ్లు కారణమని నేను రిపోర్టు రాశాను. అది తప్పు. నీళ్లు పెట్టినామె ప్రతి మడికీ చెప్పినన్ని తడులు చెప్పిన వేళకి పెట్టింది. నేను అడిగి పెట్టించుకున్న దీపం వల్ల ఆ పంట పోయింది. ఆమె రుజువు చూపిస్తే నమ్మలేదు, మొన్న అందరి ముందు ఆమెని వేళాకోళం చేశాను, అందుకు ఆమెని క్షమాపణ అడుగుతున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఇంకా ఏదో ఉందని కాసేపు ఎదురు చూశారు. వాచ్‌మను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నిశ్శబ్దం సోయా సారు చర్మం మీద చీమల్లా పాకింది. ఏదో ఒకటి అనేసి దాన్ని తెంచేయాలని నాలుక పీకుతోంది. కాగితం మడిచి, మెట్టు దిగబోయాడు.

"సారూ" అంది నీళ్లక్క.

అతను ఆగాడు.

"చెట్టు కింద వాళ్లకి వినబడలేదు. ఇంకోసారి చదవండి."

సోయా సారు మళ్లీ మెట్టెక్కాడు. మడిచిన కాగితం విప్పి, గొంతు పెంచి, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.